ఆగడం ఎరుగని ఇత్తడి బొమ్మ

అది వైశాఖ బహుళ పంచమి. ఆ ఉదయం బొమ్మలబడిలో అందరికీ పెట్టింది రాగిసంకటి, చింతచిగురు పప్పు. వడ్డించే సూరమ్మ నాంచారి ముద్దలో వేలితో గుంట చేసి, అడగకుండానే ఒక గరిటెడు నెయ్యి ఎక్కువ పోసింది. ఆ తరువాత ఎన్ని పంచములు వచ్చిపోయినా నాంచారికి ఆ నెయ్యి గుర్తుండిపోయింది. ఎందుకంటే ఆ రోజు పొద్దు కుంకేదాకా ఆమె నోట్లో మరో మెతుకు పడలేదు.

చంద్రశిల రాజ్యానికి ఉత్తరపు కొసన, రెండు ఎర్రకొండలు ఒకదానికొకటి భుజం ఆనించి నిలబడ్డ చోట ఉంది ఆ బడి. దాని ముఖద్వారం మీద పన్నెండు ఇత్తడి నెమళ్ళు గాలివాటుకు తలలు తిప్పేవి. లోపల ముంగిలి నిండా నల్లరాతి పలకలు, తెల్లరాతి పలకలు చదరంగపు బల్లలా పరిచి, చుట్టూ మోకాలెత్తు ఇటుక గట్టు కట్టారు. తొలి ఎండ పడితే ఆ పలకలు చేపపొలుసుల్లా తళుక్కుమనేవి. ఆ తళుకుల నడుమ నలభై మరబొమ్మలు వరస తీరి నిలబడేవి. టేకు మొండెం, ఇత్తడి చేతులు, మడమలకు అందెలు.

బొమ్మ రొమ్ము తలుపు తెరిచి, లోపలి పళ్ళచక్రం మీద పూసలదండ తగిలించి, వీపున తాళం తిప్పాలి. ఇక ఏ పూస వస్తే ఆ పని చేసుకుపోతుంది బొమ్మ. ఎర్రపూసకు ఒక అడుగు. నల్లపూసకు కుడివైపు తిరుగుడు. తెల్లపూసకు ఎడమవైపు. గాజుపూస వస్తే మాత్రం అది తడిమి చూస్తుంది. అక్కడ దండ రెండు పాయలవుతుంది. గోడ తగిలితే ఒక పాయ, తగలకపోతే రెండో పాయ. దండ కొసలు ముడివేస్తే అదే పని మళ్ళీ మొదటికి. ఇంతే విద్య. కానీ ఈ ఇంత విద్యలోనే లోకమంతా ఉందని బొప్పనొజ్జ అనేవాడు.

బొప్పనొజ్జ ఆ బడికి గురువు. పుట్టుక కంచరి ఇంట్లో, ఒక కాలు కుంటి. ఆయన గొంతు పెంచి కోప్పడగా ఎవరూ వినలేదు.

"తిప్పనా, నీ దండ పట్టుకుని రా నాయనా" అని పిలిచాడు ఆ ఉదయం.

తెలికల ఇంటివాడినని చెప్పి నెల పైచిలుకు కిందట బడిలో చేరినవాడు తిప్పన. గానుగ తిప్పేవాడి అరచేతులు అంత మెత్తగా ఎట్లా ఉన్నాయని నాంచారికి మొదటి రోజే అనుమానం వచ్చింది. అడిగితే "అంతా నూనె మహిమ" అని నవ్వి తప్పించుకున్నాడు.

ముంగిట్లో ఇటుకలు అడ్డదిడ్డంగా పేర్చి చిన్న చిక్కుదారి కట్టి ఉంది. దాని నడుమ ఒక నీళ్ళకుండ. బొమ్మ ఆ కుండను చేరాలి.

"ముందు నువ్వు నడు" అన్నాడు ఒజ్జ.

అది ఆ బడి కట్టుబాటు. ఏ దండనైనా బొమ్మకు తొడిగే ముందు, గుచ్చినవాళ్ళే కళ్ళకు గంతలు కట్టుకుని, తామే బొమ్మ అయి నడవాలి. ఇంకొకరు పూస పూసా చదవాలి. చదివినదానికి ఒక్క అడుగు ఎక్కువ వెయ్యకూడదు, తక్కువ వెయ్యకూడదు. సొంత తెలివి వాడితే ఆ పూట మజ్జిగ లేదు.

చదవడం నాంచారి వంతు. ఊరూరా పూసలు అమ్మే సాయన్న కూతురు ఆమె. పాకడం రాకముందే దండ గుచ్చడం వచ్చినదని తండ్రి చెప్పుకునేవాడు. "అడుగు. అడుగు. అడుగు. కుడి. కుడి అంటే అటు కాదయ్యా మహానుభావా, నువ్వు సంకటి తినే చేయి!" అంటూ ఆమె చదువుతుంటే తక్కిన విద్యార్థులు నవ్వు ఆపుకోలేకపోయారు. అయినా తిప్పన తడబడుతూనే కుండను చేరాడు.

ఒజ్జ ఏమీ అనకుండా చేతికర్రతో ఒక ఇటుకను జానెడు పక్కకు జరిపాడు. "ఇప్పుడు బొమ్మకు తొడుగు."

బొమ్మ నాలుగు అడుగులు ఠీవిగా వేసి, అయిదో అడుగుకు ఇటుకకు గుద్దుకుని బోర్లా పడింది. పడి కూడా గాలిలో కాళ్ళాడిస్తూ తక్కిన పూసలన్నీ పూర్తిచేసింది.

"మీరు ఇటుక జరిపారు ఒజ్జగారూ! ఇది అన్యాయం."

"లోకం జరపదా నాయనా?" అన్నాడు ఒజ్జ మెత్తగా. "నువ్వు దానికి దారి చెప్పావు. దారి వెతుక్కోవడం చెప్పలేదు. నాంచారీ, నీది ఎట్లా ఉంది?"

నాంచారి దండలో దారి లేనే లేదు. గోడ మీది నుంచి కుడిచేయి తీయకుండా నడవమనే నియమం ఒక్కటే ఉంది. కుడివైపు ఖాళీ అయితే అటు తిరుగు. ఎదురుగా కదలని అడ్డం ఉంటే ఎడమకు తిరుగు, ఊగేదైతే పట్టుకో. రెండూ కాకపోతే ముందుకు నడు. మళ్ళీ మొదటికి. ఇటుకలు ఎట్లా జరిపినా ఆ బొమ్మ చిక్కుదారిలోకి వెళ్ళి, తిరిగి తిరిగి బయటికి వచ్చి, ముంగిలి అంచున గట్టుకు తగిలేది. తగలగానే మోకాలి కడ్డీ నొక్కుకుని మర ఆగిపోయేది. బడి పెట్టిన నాటి నుంచి అందరి దండలూ ఆ గట్టు దగ్గరే ముగిసేవి.

"దీన్ని కూడా నడిచావా?"

"మూడుసార్లు ఒజ్జగారూ. గట్టు తగిలేదాకా."

"మంచిది" అన్నాడు ఒజ్జ.

ఆ మాట ఆయన నోట ఉండగానే ద్వారం మీది నెమళ్ళు పన్నెండూ కిర్రుమంటూ ఒక్కసారి ఉత్తరానికి తిరిగాయి. గాలి మాత్రం లేదు. ఆకు కూడా కదలలేదు. దూరాన కొండదారి మీద బూడిదరంగు పొగ, గుర్రాల ఎత్తున, బారులు తీరి వస్తోంది.

ఒజ్జ చేతికర్ర కింద పడేసి, తిప్పన ముందు తల వంచాడు. "ప్రభూ, మీ కోసం వాళ్ళు మధ్యాహ్నానికి వస్తారనుకున్నాను, ముందే వచ్చేశారు. బయలుదేరండి."

ప్రభువు ఎవరా అని నాంచారి వెనక్కి తిరిగి చూసింది. వెనుక సూరమ్మ తప్ప ఎవరూ లేరు.

"వీడా?" అంది. వెంటనే నాలుక కరుచుకుంది. "అయ్యో, వీరా? నిన్ననే గదా నేను ఎద్దుమొద్దు అన్నాను!"

"మొన్న కూడా అన్నావు" అన్నాడు తిప్పన.

అతడు చంద్రశిల యువరాజు ఉదయాంకుడు. ముప్పై తొమ్మిది రోజుల కిందట కాలధూముడనే మాంత్రికుడు నిద్రలో ఉన్న మహీధరవర్మ మహారాజు ఊపిరిని ఒక తెల్లశంఖంలోకి పీల్చి ఎత్తుకుపోయాడు. రాజు చావలేదు, బతకలేదు, మంచం మీద మైనపు ప్రతిమలా ఉన్నాడు. ఆ శంఖాన్ని మాంత్రికుడు విషబిలంలో గొలుసుతో వేలాడదీశాడు. ఆ గుహలో పుట్టే పచ్చటి ఆవిరి తగిలితే ఊపిరి పీల్చే ప్రాణి ఏదైనా పది అంగల్లో కూలిపోతుంది. అందులో నలభై రోజులు ఉంటే శంఖంలోని ఊపిరీ ఆరిపోతుంది. నలభయ్యో రోజు ఇవాళే. పొద్దు కుంకేలోగా శంఖం బయటికి రాకపోతే ఉదయాంకుడికి తండ్రి లేడు.

ఊపిరి లేనివాడే ఆ గుహలోకి వెళ్ళాలి. అందుకే యువరాజు ఈ బడికి వచ్చాడు. అందుకే ఒజ్జ, ఎందుకో చెప్పకుండా, బడిలో అందరికన్నా నేర్పుగా దండ గుచ్చే పిల్లతో నెల రోజులు ఒకే దండ గుచ్చించాడు. ఆ దండ తొడిగిన పెద్దబొమ్మ నిన్న రాత్రికి గాని సిద్ధం కాలేదు.

"మోకాలి కడ్డీ నేనే తీసేశాను" అన్నాడు ఒజ్జ, పెద్దబొమ్మను కంచరగాడిద మీదికి ఎక్కిస్తూ. "గుహలో రాళ్ళు తగిలి నడుమ ఆగిపోకూడదు గదా. ఆవిరి లోపలికి పోకుండా రొమ్ముకూ వీపుకూ మైనం పోసి మూసేశాను. నాలుగు వేల అడుగులకు తాళం తిప్పి ఉంది. చెవి వెనుక చీల లాగితే బయలుదేరుతుంది. నాంచారీ, నువ్వు కూడా వెళ్ళమ్మా. దండ నీది. దాని మనసు నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు."

"మరి మీరు? వీళ్ళంతా?"

"వచ్చేది కాలధూముడి పొగరౌతులు. ఆ ధూమాశ్వికులకు కళ్ళు లేవు, చెవులు లేవు. ఉన్నదల్లా ముక్కే. మహారాజు ఊపిరి వాసనకు వాళ్ళు మరిగారు. కొడుకు ఊపిరిలోనూ అదే వాసన. ఆయన ఇక్కడ లేకపోతే మా జోలికి రారు." ఒజ్జ ఆమె తల మీద చేయి వేశాడు. ఆ చేయి వేసినంతసేపూ వెచ్చగా ఉంది.

రెండు గుర్రాలు, వెనుక ఒక కంచరగాడిద బడి పెరటి ద్వారం దాటి దక్షిణానికి దూకాయి.

ఎండ నెత్తికెక్కింది. తుమ్మముళ్ళు బట్టలు చీల్చాయి. రెండు కోసులు పోయాక వెనక్కి చూస్తే పొగ ఇంకా అంతే దూరంలో ఉంది. మూడు కోసులు పోయాక సగం దూరంలో ఉంది. రౌతులు పొగతో చేసినవాళ్ళే గానీ, గుర్రాలు మాత్రం నిజమైనవే. వాటి నోళ్ళ నుంచి నురగ ఎగిరిపడుతోంది.

ఎదురుగా లోయ. దాని మీద నారతాళ్ళ వంతెన, నలభై చెక్కలు, చెక్కకొక కొయ్యచీల. ఇద్దరూ గుర్రాలు దిగి, వాటినీ గాడిదనూ ఒక్కొక్కటిగా నడిపించి అవతలి ఒడ్డు చేరేసరికి గిట్టల చప్పుడు వినిపించింది.

"తాళ్ళు నరికేస్తాను" అని ఉదయాంకుడు కత్తి దూశాడు.

"నడుంలావు తాళ్ళు అవి! తెల్లారిపోతుంది. తప్పుకో... తప్పుకోండి" అంటూ నాంచారి సంచిలోంచి మూరెడు చిట్టిబొమ్మను తీసింది. నడుముకు కట్టిన పూసల సంచి విప్పి, గుర్రం డొక్కకు ఆనుకునే దండ గుచ్చింది. అడుగు వెయ్యి. వంగు. వెనుక చెక్క చీల పీకు. ముడి. అంతే, మూడు పూసలు. బొమ్మకు తొడిగి వంతెన మీద వదిలింది.

చిట్టిబొమ్మ అందెలు మోగించుకుంటూ శత్రువుల వైపే నడిచింది. అది దాటిన చెక్కలన్నీ ఒకటొకటిగా లోయలోకి రాలిపోతున్నాయి. సగం వంతెన పోయేసరికి మొదటి రౌతు అవతలి కొసన ఎక్కాడు. ఊపిరి లేని బొమ్మ అతడి ముక్కుకు దొరకలేదు. గుర్రం మాత్రం చూసింది. కాళ్ళ ముందు చెక్క మాయమయ్యేసరికి సకిలించి, వెనుక కాళ్ళ మీద లేచి, వచ్చినదారినే మళ్ళింది. పాపం, దానికైనా బుద్ధి ఉంది అనుకుంది నాంచారి. బొమ్మ చివరి చీల పీకి, అవతలి ఒడ్డెక్కి, గుర్రాల కాళ్ళ సందున మట్టిలో వంగి వంగి లేని చీలలు పీకుతూ పోతోంది.

ఉదయాంకుడు పగలబడి నవ్వాడు. "ఇంకా పీకుతోంది చూడు! చాలని తెలియదా దానికి?"

"చాలని దానికెవరు చెప్పారు?" అని నాంచారి కూడా నవ్వింది.

ధూమాశ్వికులు లోయ దిగువన ఏరు దాటే రేవు వైపు మళ్ళారు. చుట్టుతిరిగి రావడానికి వాళ్ళకు ఎంత లేదన్నా జాముకు పైగా పడుతుంది.

విషబిలం చేరేసరికి పొద్దు వాలింది. పక్షి కూత లేదు, పురుగు చప్పుడు లేదు. నల్లని కొండ నోరు తెరిచి పడుకున్నట్టుంది ఆ గుహ. దాని పెదవుల మీద నీలిరంగు నాచు పట్టు చీర కుచ్చెళ్ళలా వేలాడుతోంది. లోపలి నుంచి పచ్చటి ఆవిరి బుసకొట్టి, కొంచెం వెనక్కి పోయి, మళ్ళీ బుసకొడుతోంది. గుహ ముందు ఇరుకైన అరుగు. గుహకు వీపు పెట్టి నిలబడితే అరుగుకు ఎడమపక్క వాళ్ళు వచ్చిన మేకలదారి. కుడిపక్క పది బారలు పోయాక అరుగు తెగిపోయి, కింద అడుగు కనిపించని లోయ.

గుర్రాలు, గాడిద దిగువనే మొరాయించాయి. ఇద్దరూ కలిసి బొమ్మను మోసుకొచ్చి గుహ ముందు నిలబెట్టారు. నాంచారి దాని కుడి అరచేతిని గుహ గోడకు ఆనించి, చెవి వెనుక చీల లాగింది.

ఘల్లు. ఘల్లు. ఘల్లు. బొమ్మ ఆవిరిలోకి వెళ్ళి కనుమరుగైంది.

ఇక చెవులు తప్ప దారి లేదు. నాంచారి అందెల చప్పుడు లెక్కపెట్టసాగింది. వంద. మూడు వందలు. చప్పుడు ఒకసారి ఆగిపోయింది. ఉదయాంకుడు ఆమె భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"ఆగిపోయిందా?"

"లేదు, మలుపు. ఎదురుగా అడ్డం వచ్చింది. ఇప్పుడు ఎడమకు తిరుగుతుంది. ఉండు."

ఘల్లు.

ఆరు వందలు. వెయ్యి. ఎండ అరుగు మీద నుంచి గోడ మీదికి పాకింది. వెయ్యిన్ని నూట నలభై దగ్గర మళ్ళీ నిశ్శబ్దం. ఆ తరువాత ఎక్కడో కొండ కడుపులో గొలుసు తెగిన చప్పుడు. ఎదురు అడ్డం గట్టిగా ఉంటే తిరుగు, ఊగితే పట్టుకో అని గుచ్చిన గాజుపూస పనిచేసింది. ఉదయాంకుడు అరుగు మీద కూర్చుని, అరచేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు.

"ఏడవకు, ఇంకా సగం దారి ఉంది. ఏడవకండి" అంది నాంచారి.

పొద్దు కొండకొమ్ముకు రెండు వేళ్ళ ఎత్తున ఉండగా బొమ్మ బయటికి వచ్చింది. ఇత్తడి ఒళ్ళంతా ఆకుపచ్చగా కిలుము పట్టింది. ఎడమ పిడికిట్లో తెల్లశంఖం. సాయంత్రపు ఎండ మిగిలిన కాస్తా దాని మీదే పడింది.

ఉదయాంకుడు చేతులు చాచాడు. బొమ్మ అతణ్ణి దాటి పోయింది. గుహ గోడ అంతం కాగానే కుడికి తిరిగి, కొండరాతిని తడుముకుంటూ అరుగు వెంట నడిచింది. తెగిపోయిన కొస వైపు.

"నాంచారీ! ఆగదేం?"

నాంచారికి అప్పుడు తట్టింది. బడిలో పూసలపెట్టె అడుగున ఒక సీసపు పూస ఉండేది. ఆపుపూస. ఎవరికీ దానితో ఎన్నడూ పనిపడక దుమ్ము పట్టిపోయింది. మూడుసార్లు నడిచింది తను. మూడుసార్లూ గట్టు దగ్గర నిలబడి 'అయిపోయింది' అంది. తన దండ ఆగలేదు. గట్టు ఆపింది. ఒజ్జ కూడా గమనించలేదు. ఇక్కడ గట్టు లేదు, బొమ్మకు మోకాలి కడ్డీ లేదు, లాగిన చీల తిరిగి పెట్టినా మర ఆగదు, పిడికిలి విప్పే పూస కూడా లేదు.

ఉదయాంకుడు వెనుక నుంచి బొమ్మ నడుము వాటేసుకున్నాడు. ఎద్దు బలమున్న మర అతణ్ణి కూడా బరబరా ఈడ్చుకుపోయింది. మడమల కింద గులకరాళ్ళు లోయలోకి జారుతున్నాయి.

"వదిలెయ్యి ఒరే తిప్పన్నా, నిన్ను కూడా లాక్కుపోతుంది!"

"నేను వదలను! మా నాన్న అందులో ఉన్నాడు!"

అంచుకు ఆరు అడుగులు. నాంచారి కళ్ళు మూసుకుంది. గంతలు కట్టుకున్నట్టు ఊహించుకుంది. నేను బొమ్మను. నా కుడిచేతికి రాయి తగులుతోంది. ఎదురుగా ఏమీ లేదు. అందుకని నడుస్తున్నాను. నడవకూడదంటే ఎదురుగా గోడ రావాలి.

కళ్ళు తెరిచి పరుగెత్తి, బొమ్మకూ లోయకూ నడుమ ఉన్న మూరెడు రాతి మీద నిలబడి, దాని రొమ్ముపలక మీద రెండు చేతులూ ఆనించింది.

బొమ్మ టక్కున ఎడమకు తిరిగింది.

ఉదయాంకుడు ఆ విసురుకు దూరంగా పడ్డాడు. నాంచారి చేతులు తీయకుండా దానితోపాటే తిరిగింది. మళ్ళీ ఎడమకు. మళ్ళీ ఎడమకు. చేతులు ఆనించినంతసేపూ బొమ్మ ఉన్నచోటనే గిర్రున తిరుగుతోంది.

"ఇట్లాగే తిప్పుతూ ఉంటే తాళం అయిపోయాక అదే ఆగుతుంది" అంది ఆయాసపడుతూ. "పదహారు వందల అడుగుల తాళం ఇంకా ఉంది."

ఉదయాంకుడు దిగువకు చూశాడు. రేవు వైపు నుంచి బూడిదరంగు పొగ లేస్తోంది. కొండ మొదట్లో గుర్రాలు, గాడిద అప్పటికే తాళ్ళు తెంపుకుని పారిపోయాయి.

"అంత సమయం లేదు నాంచారీ. శంఖాన్ని ఎట్లాగైనా ఇక్కడి నుంచి తీసుకుపోవాలి."

"అయితే నడుద్దాం" అంది ఆమె. "దానికి గోడ కావాలి గదా. నేనే గోడనవుతాను."

బొమ్మ ముఖం మేకలదారి వైపు తిరిగిన క్షణాన రొమ్ము మీది చేతులు తీసి, దాని కుడిపక్కకు గెంతి, తన అరచేతిని దాని ఇత్తడి అరచేతికి ఆనించింది. గోడ ఉంది అనుకుంది బొమ్మ. ముందుకు అడుగు వేసింది. ఎడమకు తిరగాలంటే రొమ్ము తాకాలి. కుడికి తిరగాలంటే చేయి తీసెయ్యాలి. తీసిన చేతిని అది తిరగగానే మళ్ళీ అందించాలి. అడుగు తప్పితే ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే, పచ్చటి పిల్లవాడిని చేయి పట్టుకుని నడిపిస్తున్న అక్క అనుకునేవాళ్ళు.

సగం దిగేసరికి ధూమాశ్వికులు అదే దారిలో ఎదురు వచ్చారు.

పొద్దు మునిగింది. పగలు పైకి లేచే విషపు ఆవిరి చల్లగాలికి బరువెక్కి గుహ నోట్లోంచి కిందికి, దారి పక్కనున్న వాగులోకి పల్చగా జారుతోంది.

"వాగులోకి దించు. ఆ కంపులో నా వాసన వాళ్ళకు తెలియదు" అన్నాడు ఉదయాంకుడు గుసగుసగా.

"చస్తాం!"

"అంచునే. మోకాళ్ళ దాకానే ఉంది. తడిగుడ్డ కట్టుకుందాం. దగ్గు మాత్రం రాకూడదు. దగ్గితే ఊపిరి పైకి పోతుంది."

నీటిబుర్రలోని నీళ్ళన్నీ తలగుడ్డ మీద పోసి రెండు ముక్కలు చేశాడు. పెద్దముక్క ఆమెకు ఇచ్చాడు. ఆమె చేయి తీసింది. బొమ్మ కుడికి తిరిగి వాగులోకి దిగింది. ఘల్లు ఘల్లుమని అందెలు మోగుతున్నాయి. చెవులు లేనివాళ్ళకు అవి ఎంత మోగినా ఒకటే. పది బారల దూరంలో రౌతులు వరసగా పోతున్నారు. ముఖం ఉండాల్సిన చోట పొగ, ఆ పొగలో రెండు నల్లని ముక్కురంధ్రాలు. ఒకడు ఆగాడు. గుర్రాన్ని వాగు వైపు తిప్పి, పొడుగ్గా పీల్చాడు.

నాంచారి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. గొంతులో మిరపకాయ కాల్చినట్టుంది. ఉదయాంకుడి ముఖం నల్లబడి, మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. ఆమె ఖాళీగా ఉన్న చేత్తో అతడి వీపు మీద మెల్లగా రాసింది. చంటిపిల్లకు రాసినట్టు. ఒక్కసారి, రెండుసార్లు. దగ్గు లోపలే కుంగిపోయింది.

ఆ రౌతు చీదరగా తల విదిల్చి, తన వాళ్ళ వెనుక గుహ వైపు పోయాడు.

వాగు దాటాక దూరాన ఒక దీపం కనిపించింది. ఉప్పు బస్తాలు మోసుకుపోయే ఎడ్లవాళ్ళు రాత్రిళ్ళు దిగే సత్రం అది. సత్రం నడిపే ముసలమ్మ అక్కమాంబ వాకిట్లో లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. తోవలో వెనుకబడ్డ చివరి ఎద్దు లోపలికి వచ్చేదాకా ఆ సత్రపు తలుపు వెయ్యరు.

"ఏందమ్మా ఇది, చేయి వదలకుండా ఈ బిడ్డను యాణ్ణించి నడిపించుకొస్తా ఉండావు?" అంది. లాంతరు ఎత్తి చూసి, "ఓయమ్మ, ఇత్తడిదా!" అంది. ఇద్దరి కళ్ళూ చూసింది, కాళ్ళ మీది రక్తం చూసింది. ఇంకేమీ అడగలేదు. "లోపలికి రాండి. కుండలో గంజి ఉంది."

"అవ్వా, మా వెనుక ఊపిరి వాసన పట్టేవాళ్ళు వస్తున్నారు" అన్నాడు ఉదయాంకుడు. దాచి పెట్టి ఆమె ఇంటికి చేటు తేవడానికి అతడికి మనసొప్పలేదు.

అక్కమాంబ నవ్వింది. "ముప్పైమంది మొగోళ్ళు వెల్లుల్లి కారం తిని నిద్దరపోతా ఉండారు నాయనా, యాభై ఎడ్లు నెమరేస్తా ఉండాయి. ఈ ఊపిర్లలో మీ రెండూ ఎవడికి దొరుకుతాయి? పోయి ఆ నడుమ పడుకోండి."

గురక పెడుతున్న మనుషుల నడుమ, ఉప్పు బస్తాల మూలన, నాంచారి బొమ్మను నిలబెట్టి రొమ్ము మీద చేయి ఆనించింది. అది తిరిగింది. మళ్ళీ తిరిగింది. తిరుగుడు మెల్లబడింది. లోపల మర ఒకసారి నిట్టూర్చినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. ఆమె చేయి మాత్రం కాసేపటిదాకా కిందికి దిగలేదు. వేళ్ళు అట్లాగే బిగుసుకుపోయాయి. అక్కమాంబ గంజి గిన్నె ఆమె పెదవులకు తానే ఆనించి తాగించింది.

"పిడికిలి విప్పలేం" అంది నాంచారి. "ఒజ్జగారు మైనం తీసి, దండ మార్చాలి. అప్పుడు గాని శంఖం మహారాజు మంచం దగ్గరికి చేరదు. ఆపుపూస వెయ్యలేదు నేను. నా తప్పే. నీకు... మీకు తండ్రి లేకుండా పోయేవాడు."

ఉదయాంకుడు మోకాళ్ళ మీద వంగి, ఇత్తడి వేళ్ళ సందున కనిపిస్తున్న శంఖానికి చెవి ఆనించాడు.

"ఏమైంది?" అంది ఆమె భయంగా.

అతడు ఆమె తల దగ్గరికి లాగి శంఖానికి ఆనించాడు. సన్నగా, ఎక్కడో దూరాన, ఒక ముసలి మనిషి ఊపిరి. వస్తోంది, పోతోంది. మూడు ఊపిర్లకు ఒకసారి ముక్కులోంచి చిన్న ఈల.

"ఆ ఈల వల్లే మా అమ్మ పక్క గదిలో పడుకునేది" అన్నాడు ఉదయాంకుడు.

అంతలో బయట గిట్టల చప్పుడు. చివరి ఎద్దు ఇంకా రాలేదు. తలుపు బార్లా తెరిచే ఉంది. వాకిట్లో పొగ కమ్మింది. ఒక గుర్రం తల గడప లోపలికి వచ్చింది. దాని వెనుక, లాంతరు వెలుగులో, రెండు నల్లని ముక్కురంధ్రాలు సత్రమంతా పీల్చాయి. ముప్పైమంది గురక, యాభై ఎడ్ల ఆవిరి, వెల్లుల్లి, ఉప్పు, చెమట. ఆ ఊపిర్లలో రెండు భయపడ్డ ఊపిర్లు, శంఖంలో ఒక ముసలి ఊపిరి. నాంచారి ఉదయాంకుడి చేతిని పట్టుకుంది. పీల్చడం ఆగలేదు. ఆగలేదు. ఆపైన గుర్రం, ఉప్పు గాలికి కాబోలు, గట్టిగా తుమ్మి వెనక్కి తగ్గింది.

గిట్టలు సత్రం చుట్టూ ఒకసారి తిరిగాయి. వెళ్ళిపోయాయో, చీకట్లో కాచుకున్నాయో తెలియలేదు.

వెనుకబడ్డ ఎద్దు తాపీగా మెడగంట ఊపుకుంటూ లోపలికి వచ్చింది. అక్కమాంబ దాని నుదురు నిమిరి దారి ఇచ్చింది. లాంతరు వత్తి తగ్గించి, గడియ చప్పుడు కాకుండా కొంగు అడ్డం పెట్టి, ఆ రాత్రికి తలుపు మెల్లగా మూసింది.